పసుపు గీత లేని నట్టు

పోలీస్ స్టేషన్ వెనక ఖాళీ జాగాలో, గడ్డి మొలిచిన ఆటోలకీ చక్రాల్లేని మినీ బస్సుకీ మధ్య, శామ్సన్ నడిపిన బండి నిలబడి ఉంది. నిలబడి ఉందనడం మర్యాద కోసం. ముందు భాగం సగానికి సగం లోపలికి పోయింది. కుడి చక్రం తిన్నగా ముందుకి చూస్తుంటే, ఎడమ చక్రం అలిగి మొహం తిప్పుకున్నట్టు పక్కకి తిరిగిపోయింది.

హెప్సీ చున్నీని నడుముకి బిగించి కట్టుకుంది. సెల్‌ఫోన్ లైటు వెలిగించింది. వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది.

కాపలా కానిస్టేబులు బెంచీ మీంచి లేచి వచ్చాడు. కలకత్తా సాల్ట్ లేక్ ఆఫీసు బస్సుల్లో కనిపించే రకం అమ్మాయి, మెడలో కార్డు కూడా తియ్యకుండా ఇలా నూనె మడుగులో పడుకోవడం అతను తన సర్వీసులో చూడలేదు. ఏం వెతుకుతున్నావు దిదీ అని అడిగాడు.

పసుపు రంగు కోసం అని కిందనుంచే చెప్పింది హెప్సీ.

అతనికి అర్థం కాలేదు. మెటియాబ్రుజ్ డ్రైవర్లెవరైనా అయితే అర్థమయ్యేది. హెప్సీ తండ్రి దయానందం అక్కడ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా లారీలకీ, బరువులు మోసే పికప్ బండ్లకీ ముందు భాగం బాగుచేసే మేస్త్రీ. ముందు చక్రాలు, స్టీరింగు, ఆ రెంటినీ కలిపే కడ్డీలు, అంతవరకే. ఇంజను జోలికి పోడు. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, ముందు భాగం చెడితే బండి ఆగదు, అదే భయం అంటాడు. తన చేత్తో బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగుతో ఒక గీత గీస్తాడు. నట్టు మీద మొదలై బోల్టు మీదికి పోతుంది ఆ గీత. నట్టు వెంట్రుకవాసి వదులైనా గీత విరిగి కనబడుతుంది. గీత ఉంటే పని అయినట్టు, లేకపోతే కానట్టు. హెప్సీకి తెలుగు అక్షరాలు ఈ రోజుకీ సరిగ్గా రావు గాని, ఆ గీత చదవడం ఆరేళ్ళప్పుడే వచ్చేసింది.

ఆ గీత చూడాలనే ఆఫీసుకి సెలవు పెట్టి బస్సెక్కి ఇంత దూరం వచ్చింది.

శామ్సన్ ఆమెకి మావయ్య. దయానందం చెల్లెలు లిల్లీ భర్త. మెటియాబ్రుజ్‌లో బట్టలు కుట్టించే ఓస్తాగర్ ఒకాయన దగ్గర పికప్ డ్రైవరు. బడ్జ్ బడ్జ్ వైపు పల్లెల్లో ఇళ్ళల్లో కుట్టిన బట్టల మూటలు తెచ్చి, వారాంతం సంతకి అందించడం అతని పని. క్రితం శుక్రవారం పొద్దున్న ఖాళీ బండితో వెళ్తూ, ఫ్లైఓవర్ దిగే చోట అదుపు తప్పాడు. డివైడరు ఎక్కి, దీపస్తంభాన్ని గుద్ది, టీ కొట్టు ముందు ఆగాడు. టీ తాగుతున్న ముసలాయన కాలు విరిగింది. శామ్సన్ ప్రాణం ఆసుపత్రి దాకా కూడా నిలవలేదు.

పోలీసులు కాగితం మీద ఒకే ముక్క రాశారు. డ్రైవరు వేగంగా, నిర్లక్ష్యంగా నడిపాడు. కుండ మూతికి మూకుడు పెట్టగలం గాని ఊరి మూతికి పెట్టలేం. ఆ ముక్క తెలుగు చర్చి గేటు దాటేసరికి "తాగి నడిపాడట" అయింది. శామ్సన్ ఒకప్పుడు తాగేవాడు. ఆరేళ్ళ కిందట మానేసి, చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాడు. అప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు గుసగుసలాడే నోళ్ళకి అడ్డం లేస్తున్నాయి. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజుకి మావయ్య పేరు మీద మచ్చ చెరిపెయ్యాలి. హెప్సీ పట్టుదల అదొక్కటే.

ఎందుకంటే బండికి జబ్బుందని ఆమెకి తెలుసు. రెండు వారాలుగా శామ్సన్ చెబుతూనే ఉన్నాడు. యాభై దాటిందా, చక్రం ఏ గుంతలోనో అతుకు మీదో పడిందా, స్టీరింగు చేతుల్లో నిలవదు. ముందు భాగమంతా చలిజ్వరం వచ్చినవాడిలా వణుకుతుంది. బ్రేకు తొక్కితే ఇంకా ఎక్కువవుతుంది. ఓస్తాగర్ వేరే గ్యారేజీలో చూపిస్తే, వణుకుని అణిచే కొత్త డ్యాంపరు ఒకటి బిగించి పంపారు. నాలుగు రోజులు బాగానే ఉంది. దయానందం విని తల పట్టుకున్నాడు. జ్వరానికి మందెయ్యకుండా రోగి కాళ్ళూ చేతులూ కట్టేసినట్టుందని, బండి తన దగ్గరికి తెమ్మన్నాడు. మంగళవారం తెచ్చి గ్యారేజీ ముందు రోడ్డు పక్కన పెట్టారు. బుధవారమంతా దయానందం బండి కిందే ఉన్నాడు. రెండు ముందు చక్రాల్నీ కలిపే టై రాడ్ చివర గుండులాంటి కీలు ఉంటుంది. ఎడమవైపు కీలు అరిగి గిన్నెలో గోళీకాయలా ఆడుతోంది. అది మార్చాలి.

మార్చేశాడు కూడా. గురువారం సాయంత్రం శామ్సన్ ఫోన్ చేసి అడిగితే, తండ్రిని కనుక్కుని, అయిపోయింది మావయ్యా అని చెప్పింది హెప్సీయే. రెండో తాళం శామ్సన్ దగ్గరే ఉంటుంది. శుక్రవారం పొద్దున్న వచ్చి బండి తీసుకుపోయాడు.

కాబట్టి కొత్త కీలులోనే ఏదో లోపముండాలి. నకిలీ సరుకు అయ్యుండాలి. పసుపు గీత ఉన్న కొత్త కీలు విరిగిపోయి కనబడితే చాలు, ఫోటో తీసి మోటారు వాహనాల ఇన్స్పెక్టరు ముందు పెడుతుంది.

లైటు ఎడమ చక్రం వెనక్కి తిప్పింది.

కీలు గుండు గిన్నెలోంచి ఊడిపోయి వేలాడుతోంది. నట్టు మాత్రం దాని చోటులో అది ఉంది. మీద మట్టి, మట్టి కింద తుప్పు. ఏళ్ళనాటి తుప్పు. చున్నీ కొంగుతో తుడిచింది. ఉమ్మి తడి చేసి మళ్ళీ తుడిచింది.

గీత లేదు. ఆ నట్టుని ఎవరూ ముట్టుకోలేదు.

హెప్సీ బండి కిందనుంచి బయటికి వచ్చింది. ఇన్స్పెక్టరు ఎప్పుడొస్తాడని అడగాలన్న సంగతి కూడా మరిచిపోయి, బస్టాపు దాకా నడిచింది. తుప్పు పట్టిన ఆ నట్టు ఒకే మాట చెబుతోంది. నాన్న అబద్ధం చెప్పాడు.

*

పోర్టు కూలీల పాత లైన్లలో రెండు గదుల ఇల్లు వాళ్ళది. తల్లి రేబెకా పోయి నాలుగేళ్ళు. హెప్సీ వచ్చేసరికి దయానందం గడప మీద కూర్చుని ఉన్నాడు. వారం రోజులుగా గ్యారేజీకి పోవడం లేదు. పెట్టింది కెలికి వదిలేస్తున్నాడు. దుఃఖం అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"బండి చూసొచ్చాను నాన్నా. టై రాడ్ మార్చలేదు నువ్వు."

దయానందం తలెత్తాడు. "లేదు" అన్నాడు మామూలుగా. దాచుకున్నవాడి గొంతులా లేదది.

"మరి ఆ రోజు నేనడిగితే అయిపోయిందని ఎందుకు చెప్పావు? మావయ్య ఫోన్‌లో ఉన్నాడు, నేను నిన్నడిగి ఆయనకి చెప్పాను గదా."

అతను కూతురి వంక చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచి మూశాడు. పక్కనున్న స్టీలు గ్లాసు తీసుకున్నాడు, అందులో నీళ్ళు లేవు, మళ్ళీ కింద పెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ గ్రీజు ఇంకిపోయిన ఆ చేతులు గ్లాసు అంచు చుట్టూ ఒకసారి తిరిగాయి.

"ఆఁ" అన్నాడు చివరికి. "చెప్పాను."

"ఎందుకు?"

"సామాను రాలేదమ్మా. శుక్రవారం ఒక్క ట్రిప్పుకేటవుద్దిలే అనుకున్నాను."

హెప్సీకి కోపం వచ్చింది. వచ్చాక ఆగలేదు. మావయ్యని తాగుబోతని అంటుంటే వారం నుంచి నోరు మూసుకుని ఎలా కూర్చున్నావంది. అత్త మొహం ఎలా చూస్తున్నావంది. ఇంకా చాలా అంది.  అంతా అయ్యాక దయానందం, ఆదివారం చర్చిలో తనే లేచి అందరి ముందూ చెప్పేస్తానన్నాడు. పోలీసులకి కూడా చెప్తానన్నాడు.

"ఆడి పేరు నిలబడాల. అంతే గదా నీకు గావలసింది" అన్నాడు.

అంతే. అయినా ఆమెకి ఆ రోజు అన్నం సయించలేదు.  రోడ్డు మీద పోతున్న బండి చప్పుడు విని, ఇంట్లోంచి పరుగెత్తి డ్రైవరు చేతిలో తాళం లాక్కున్న మనిషి ఆయన. ఆ నోటి నుంచి "ఒక్క ట్రిప్పుకేటవుద్దిలే" అనే మాట ఎలా వచ్చిందో ఆమెకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

*

మర్నాడు, శుక్రవారం, హెప్సీ మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళింది. ఇన్స్పెక్టరు వచ్చి ఆ కీలు చూసి, అది ముందే ఊడింది, గుద్దాక ఊడలేదు అని రాస్తే తప్ప పోలీసు కాగితం మారదు. కాపలా కానిస్టేబులు నిన్నటివాడే. భోజనం చేస్తున్నాడు. ఇన్స్పెక్టరు బాబు సంగతేమిటని అడిగింది.

"ఇన్స్పెక్టర్ బాబు? కాల్‌కే" అన్నాడు చేప ముల్లు తీసుకుంటూ.

హెప్సీ ప్రాణం ఉసూరుమంది. నిన్న తను అటు బస్సెక్కగానే ఇటు ఆయన వచ్చి పోయాడన్నమాట. నిన్న ఇంకో గంట ఆగి ఉంటే దొరికేవాడు. గేటు దాకా నడిచింది. కానిస్టేబులు వెనకనుంచి కేకేసి, పది గంటలకల్లా వచ్చెయ్యమన్నాడు. ఆలస్యమైతే బాబు వెళ్ళిపోతాడట.

వచ్చి వెళ్ళిపోయినాయన మళ్ళీ వెళ్ళిపోవడమేమిటి?

అతను నవ్వాడు. ఎంగిలి చేత్తో ముందుకి చూపించాడు. వచ్చే కాల్‌కే దిదీ, పోయిన కాల్‌కే కాదు.

బెంగాలీలో నిన్నకీ రేపుకీ మాట ఒకటే. హిందీలో కల్ ఉన్నట్టే. వెనకదో ముందుదో పక్కనున్న క్రియ చెబుతుంది. క్రియ లేకపోతే వినేవాడి అదృష్టం. తెలుగులో ఆ తిప్పలు లేవు. కాని కలకత్తాలో మూడు తరాలుగా ఉంటున్న ఆ లైన్లలో తెలుగు ఎవరు తెలుగులా మాట్లాడుతున్నారు? పొద్దంతా బెంగాలీ, హిందీ కూలీల మధ్య పనిచేసి వచ్చినవాడి నోట్లో ఏ మాట ముందుంటే అది వస్తుంది.

హెప్సీ గేటు పక్కన దిమ్మ మీద కూర్చుంది. క్రితం గురువారం సాయంత్రం వచ్చి కళ్ళ ముందు నిలబడింది.

నాన్న పని నుంచి వచ్చి స్నానానికి వెళ్ళాడు. ఆయన ఫోన్ గూట్లో మోగింది. తను తీసింది. ఏం చేస్తన్నావే కోడలు పిల్లా, మీ నాన్న నా బండి పెళ్ళి చేశాడా లేదా కనుక్కో అన్నాడు మావయ్య. తను ఫోన్ చేత్తో పట్టుకునే రేకు తలుపు దగ్గరికి వెళ్ళి కేకేసింది. నాన్నా, మావయ్య బండి టై రాడ్ సంగతేటి? లోపల కుళాయి హోరున పడుతోంది. ఆ హోరులోంచి ఒకే మాట వచ్చింది.

కాల్‌కే.

ముందురోజంతా నాన్న ఆ బండి కిందే ఉన్నాడని తనకి తెలుసు. కాబట్టి తను విన్నది నిన్న. నిన్నే అయిపోయింది మావయ్యా అని చెప్పింది. మావయ్య హాయిగా నవ్వాడు. ఫోన్ పెట్టేసింది. టీవీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నాన్న వచ్చాక చెప్పాలని కూడా తోచలేదు. అయిపోయిన పని గురించి చెప్పేదేముంది?

నాన్న అన్నది రేపు.

మధ్యాహ్నం ఆమె గ్యారేజీకి వెళ్ళింది. దయానందంతో పాతికేళ్ళుగా పనిచేస్తున్న జాబేజ్ ఒక్కడే ఉన్నాడు. ఒక్కటే అడగాలనుకుంది. ప్రమాదం జరిగిన శుక్రవారం పొద్దున్న నాన్న ఎక్కడున్నాడు? జాబేజ్ వింతగా చూశాడు. బండ్ల విడిభాగాలు అమ్మే మల్లిక్ బజార్‌లో ఉన్నాడన్నాడు. ముందురోజు తెచ్చిన కీలు సైజు తేడా వచ్చిందట. కొట్లు తెరిచేసరికి గుమ్మంలో ఉండాలని తెల్లారగానే బయల్దేరాడట. సరుకు కొని బస్సులో వస్తుండగానే, బండి గుద్దిందని ఫోన్ వచ్చింది. జాబేజ్ బీరువా తెరిచి చూపించాడు. కొత్త కీలున్న అట్టపెట్టె ఇంకా విప్పలేదు. దాని పక్కనే పసుపు రంగు సీసా, సన్న కుంచె తీసిపెట్టి ఉన్నాయి.

"ఒక్క మాట అన్లేదమ్మా మీ నాన్న" అన్నాడు జాబేజ్. "బాగవని బండని తెలిసీ శామ్సనెందుకు తీసుకుపోయాడని నానడిగితే, సచ్చినోడి మీద ఇంకో తప్పెందుకురా, ఊరుకో అన్నాడు."

వారం రోజుల మౌనానికి అర్థం అదీ. బావమరిది తెలిసి తెలిసీ జబ్బు బండి తీసుకుపోయాడనుకున్నాడు నాన్న. ఆ సంగతి చెబితే నిందకి నింద తోడవుతుందని నోరు మూసుకున్నాడు. నిన్న సాయంత్రం గడప మీద, కూతురు అడిగిన ఒక్క ప్రశ్నతో, ఖాళీ గ్లాసు ఎత్తి దించేంత సేపట్లో, ఆయనకి మొత్తం తెలిసిపోయింది. ఆ వెంటనే తప్పు తన నెత్తికెత్తుకున్నాడు.

ఆ సాయంత్రం హెప్సీ తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నువ్వు కాల్‌కే అన్నావు."

"అన్లేదు."

"స్నానాలగదిలోంచి అన్నావు. నేను నిన్న అనుకున్నాను."

"నేను గదిలో లేను. ఫోనెత్తింది నేనే. పోలీసుల కాడున్న ఫోన్ల లిస్టులో ఏటుందో చూసుకో. శామ్సన్ చేసింది నా నంబరుకి."

నిజమే. ఆ ఫోన్ ఎవరెత్తారో తెలిసిన మూడో మనిషి చచ్చిపోయాడు.

"నాన్నా" అంది. 

దయానందం గొంతు తగ్గించాడు. "నాకు అరవై రెండమ్మా. ఇది నా కాడుంటే ఎన్నాళ్ళుంటది, పదేళ్ళు, పన్నెండేళ్ళు. నీ కాడుంటే యాభై ఏళ్ళుంటది. లెక్క నువ్వే చూసుకో."

*

శనివారం హెప్సీ తండ్రితో స్టేషన్‌కి వెళ్ళింది. ఇన్స్పెక్టరు వచ్చాడు. బక్కపలచని మనిషి, మాట తక్కువ. బండి కిందికి దూరి పావుగంట ఉన్నాడు. వేగం కాదు, కీలు అరిగి ఊడింది, వణుకు మొదలయ్యాక ఎంతటి డ్రైవరైనా పట్టలేడు అన్నాడు. ఆ మాట వినడం కోసం హెప్సీ వారం రోజులు కాచుకుంది. విన్నాక చల్లగా ఏమీ అనిపించలేదు.

కాని కాగితానికి ఇంకో ప్రశ్న ఉంది. బండి బాగయిందని డ్రైవరుకి ఎవరు చెప్పారు?

నేను, అన్నాడు దయానందం.

హెప్సీ అతని పక్కనే నిలబడి ఉంది. నోరు తెరవాల్సిన క్షణం అదే. ఒక్క మాట చాలు. ఇన్స్పెక్టరు పెన్ను ఆగి ఉంది కూడా, ఆయన ఆమె వైపు చూశాడు కూడా. దయానందం చేయి ఆమె మణికట్టు మీద పడింది, ఇంకా పసిపిల్లని రోడ్డు దాటిస్తున్నట్టు. ఆమె తల దించుకుంది. పెన్ను కదిలింది. దయానందం ఆ బెంగాలీ కాగితం కింద, తనకొచ్చిన ఒకే ఒక్క లిపిలో, తెలుగులో సంతకం చేశాడు. అది తలకి చుట్టుకోవచ్చు, కేసు కావచ్చు అని ఇన్స్పెక్టరు హెచ్చరించాడు. దయానందం తలూపాడు.

ఇంటికొచ్చే బస్సులో అతను కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. శామ్సన్ పోయాక మొదటిసారి నిద్రపోవడం.

హెప్సీ నిద్రపోలేదు.

*

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి ఆమె అత్త ఇంటి తలుపు తట్టింది. లిల్లీ తెల్లచీర కట్టుకుని, మొహానికి పౌడరు లేకుండా, కూడికకి తయారై ఉంది. టేబులు మీద శామ్సన్ ఫోటోకి దండ వేసి ఉంది. టీ పెట్టనా అని అడిగింది. వద్దంది హెప్సీ.

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పింది. బెంచీ మీది కానిస్టేబులు దగ్గర్నుంచి వెనక్కి చెప్పుకుంటూ వచ్చింది. ఫోను, కుళాయి హోరు, ఆ ఒక్క మాట. నిన్న సంతకం దగ్గర తను నోరు మూసుకోవడం కూడా చెప్పింది.

లిల్లీ వింటున్నంతసేపూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది. సర్దిందే సర్దింది.

"ఆ రోజు దార్లో టీకి ఆగినప్పుడు నాకు ఫోన్ చేశాడు" అంది లిల్లీ. "బండి ఇంకా వణుకుతాందే అన్నాడు. మరి ఎనక్కొచ్చీ అన్నాను. బావ చెయ్యి పడిన బండి లిల్లీ, బండిలో ఏటీ ఉండదు, రోడ్డే బాగోలేదు అన్నాడు. టీ డబ్బులిచ్చి ఎక్కీసాడు."

హెప్సీ గోడకి చేయి ఆనించుకుంది.

ఆ ఫోన్ సంగతి లిల్లీ ఎవరికీ చెప్పలేదట. చెబితే అన్నయ్య పనితనం మీద మాట వస్తుంది. ఆయన చేసిన బండే వణికిందంటే ఇక ఎవరు నమ్మి తమ బండి ఇస్తారు? అందుకని వారం రోజులుగా మొగుణ్ణి తాగుబోతంటుంటే, విని, కడుపులో పెట్టుకుని ఊరుకుంది.

ఆగిపోయి ఉండొచ్చు. టీకి ఆగిన ఆ చోటే, బండి ఇంకా బాగుకాలేదని తెలిసుంటే, శామ్సన్ ఆగిపోయేవాడు. వణుకు తెలుస్తూనే ఉంది. అయినా నమ్మాడు. అలా నమ్మించిన మాట తనది.

"అత్తా..."

"ఇప్పుడేటీ అనకు." లిల్లీ గొంతు పెరగలేదు. "నువ్వు కావాలని చెయ్యలేదు. నాకది తెలుసు. తెలిసినా నిన్ను చూడలేకపోతన్నాను. కొన్నాళ్ళు రాకు."

ఫోటో తీసుకుని, తలుపు తాళం వేసింది. ఇద్దరూ చర్చి వైపు నడిచారు. లిల్లీ పది అడుగులు ముందు. హెప్సీ అందుకోవాలని చూడలేదు.

చర్చి నిండిపోయింది. పాస్టరు గారు ప్రార్థన చేసి, కుటుంబంలో ఎవరైనా రెండు మాటలు చెప్పాలని పిలిచారు. మగవాళ్ళ వైపు మూడో వరసలో దయానందం లేచాడు. ఇస్త్రీ చొక్కా, పైదాకా పెట్టుకున్న గుండీలు. గొంతు సవరించుకున్నాడు.

"కూర్చో అన్నియ్యా" అంది లిల్లీ ముందు వరస నుంచి, వెనక్కి తిరక్కుండానే.

దయానందం కూర్చోలేదు. హెప్సీ అప్పటికే నడవ మధ్యకి వచ్చేసింది. ఆమె వైపు చేయి చాపాడు గాని ఆమె అందనంత దూరం నడిచింది. ముందుకి వెళ్ళి, ఫోటో పక్కన, అందరి వైపూ తిరిగి నిలబడింది. ఆమె తెలుగు ఎప్పుడూ తడబడేదే. ఆ రోజు తడబడలేదు.

"మా మావయ్య తాగలేదు. వేగంగా నడపలేదు. బండి స్టీరింగు పాడైపోయింది. బాగైపోయిందని ఆయనకి చెప్పింది నేను. అది అబద్ధమని నాకు తెలీదు. మా నాన్న ఏమీ చెప్పలేదు. నిన్న ఆయన పోలీసు కాగితం మీద పెట్టిన సంతకం తప్పు. రేపు నేనెళ్ళి నా పేరు రాయిస్తాను."

 వారం నుంచి నోళ్ళకి అడ్డం లేచిన చేతులు ఒళ్ళో పడున్నాయి. ఎవరో ముసలావిడ మెల్లగా, అయ్యో శామ్సనూ అంది. అంతే. ఆ ఒక్క మాటతో మచ్చ పోయింది. పోయిందని హెప్సీకి తెలిసింది. పోయాక అతని చోటు ఎంత ఖాళీగా ఉందో కూడా అప్పుడే తెలిసింది.

దయానందం ఇంకా నిలబడే ఉన్నాడు. వారం నుంచి మోస్తున్నది చేతుల్లోంచి ఎవరో లాక్కుపోతే ఏం చెయ్యాలో తెలియని మనిషిలా ఉన్నాడు. లిల్లీ లేచింది. మగవాళ్ళ వైపు వెళ్ళి, అన్న మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తను కూడా అక్కడే, ఆ బల్ల అంచు మీద, అతని పక్కన కూర్చుంది. దయానందం ఏడుస్తున్నాడు. లిల్లీ అతని వీపు మీద చేయి వేసి ఉంచింది.

పాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని, కీర్తన సంఖ్య చెప్పారు. అందరూ లేచారు. పుస్తకాల పేజీలు తిరిగాయి. హెప్సీ ముందు వరస వైపు చూసింది. అక్కడ అత్త పక్కన తను ఎప్పుడూ కూర్చునే చోటు ఉంది, ఇప్పుడు అత్త చోటు కూడా ఖాళీగా ఉంది. పాట మొదలైంది. ఆమె ఏ వరసలోకి వెళ్ళాలో తేల్చుకోలేక, చేతిలో పుస్తకం లేకుండా, ఫోటో పక్కనే నిలబడిపోయింది.